తవిటమ్మ కాదు, గజలక్ష్మి

ఓసి గుంటా, ఆ మూతి ముడుపు తియ్యి. బళ్ళో ఎవరో నీ పేరు పట్టుకుని ఏడిపించారని అన్నం మానేస్తావా? పేరు మార్చెయ్యమంటావా? సరే, మారుద్దాంలే. ముందు కథ విను. విన్నాక కూడా మార్చమంటే అప్పుడు చూద్దాం.

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, పైడమ్మ అని ఒక కోడలు పిల్ల ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల. అత్తవారింట్లో ఎవరేమన్నా తలొంచుకుని ఊఁ అనేది.

అవునే, నేనే. నవ్వకు. అప్పట్లో నాకు నోరు లేదంటే ఇప్పుడు మీ తాత కూడా నమ్మడు.

ఆ పైడమ్మ కడుపున కవలలు పడ్డారు. ఏడో నెల నడుస్తుండగా ఒక పొద్దున్న పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నొప్పులతో మెలికలు తిరిగిపోయింది. అప్పుడు మీ తాత జీపు మాట్లాడుకొచ్చి పట్నంలో మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ పుట్టేశారు. ముందు మగపిల్లాడు, ఆ తర్వాత ఆడపిల్ల.

ఎంతున్నారనుకున్నావు? పిల్లాడు మీ తాత అరచేతిలో పట్టేంత. పిల్ల ఇంకా చిన్నది. చర్మం ఉల్లిపొరలాగా ఉండేది. ఏడుపు కూడా బయటికి వచ్చేది కాదు. ఇద్దర్నీ వెచ్చటి గాజుపెట్టెల్లో పెట్టారు. ఒక పెట్టె మీద ‘పైడమ్మ బేబీ ఒకటి’ అని, ఇంకోదాని మీద ‘పైడమ్మ బేబీ రెండు’ అని చీటీలు అంటించారు.

ఆ గాజుగదిని చూసుకునేది సలోమి సిస్టరు.

ఆఁ, లేచి కూర్చున్నావేం? అవును, నీ పేరే. పడుకో, పడుకుని విను.

సలోమి సిస్టరు మనిషి పొట్టి, గొంతు గట్టి. చేతులు కడుక్కోకుండా గడప తొక్కితే పెద్ద డాక్టరు గార్నయినా వెనక్కి పంపించేది. పైడమ్మ ఏడుస్తుంటే, “ఏడుపు బయట పెట్టి లోపలికి రా అమ్మా, ఇక్కడ పాలు కావాలి” అనేది. ఆ పాలు సన్న గొట్టంలోంచి చుక్క చుక్కగా పిల్లల కడుపులోకి పంపేది. ఒక్క చుక్క ఒలికినా ప్రాణం పోయినట్టు చూసేది.

ఇప్పుడు పెంటమ్మ పెద్దత్త వస్తుంది. మీ తాతకి పెద్దమ్మ. ఆవిడకి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదట. అందుకని ఆవిడ పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకొచ్చి, పెంటమ్మ అని పేరు పెట్టారు. పాడు పేరు పెడితే చావు అసహ్యించుకుని వదిలేస్తుందని అప్పటివాళ్ళ నమ్మకం. ఆవిడ బతికింది, గుండ్రాయిలాగా బతికింది. ఇంకేం, ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మొదటిసారి వచ్చి గాజులోంచి తొంగి చూసింది. “ఓలమ్మోలమ్మ! ఏటే ఇది, ఎలకపిల్లల్లాగున్నారు! ఇద్దరి మీదా ఆశెట్టుకోకు. మగగుంటడు దక్కితే అదే పదివేలు. ఆడగుంట మీంచి మనసు తీసెయ్” అంది.

పైడమ్మ ఊఁ అనలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊఁ అనలేదు. “ఇద్దరూ నావోళ్ళే అత్తా” అంది.

అని ఊరుకోలేదు. నేరుగా సిస్టరు దగ్గరికి వెళ్ళింది. “సిస్టరమ్మా, నా పిల్లల్ని ఒకటి, రెండు అనకండి. పేర్లు రాయండి. వాడు భీమరాజు. ఇది గజలక్ష్మి.”

సిస్టరు పెట్టెలోకి చూసింది, పైడమ్మని చూసింది. “గుప్పెడు పిల్లకి ఏనుగంత పేరా అమ్మా?” అంది.

“పేరైనా బరువుగా ఉండనివ్వండి” అంది పైడమ్మ.

అప్పుడు సిస్టరు నవ్వి, పాత చీటీలు పీకేసి, కొత్తవి గుండ్రంగా రాసి అంటించింది. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో అందరికీ అదే మాట. ఆయమ్మ తుడుస్తూ, “గజలక్ష్మిగారు లేచారా?” అనేది. పెద్ద డాక్టరు గారు కూడా, “ఏమంటున్నాడు భీమరాజు?” అనేవారు. వాళ్ళ పుణ్యం ఊరికే పోదు తల్లీ, ఆ పిలుపులు తాగే నేను బతికాను.

ఆ తర్వాత రెండోసారి పెద్దత్త వచ్చింది. వచ్చి చూసేసరికి ఏముంది? మీ తాత చొక్కా విప్పి కూర్చున్నాడు, గుండెల మీద భీమరాజు. పక్కన పైడమ్మ, రవికెలోపల గజలక్ష్మి. తల్లిదండ్రుల ఒంటి వేడికి మించిన వేడి లేదని సిస్టరే అలా కట్టి కూర్చోబెట్టింది.

పెద్దత్తకి ఒళ్ళు మండిపోయింది. “సిగ్గూ శరం లేదా? పురిటిస్నానం కాకుండానే పేర్లా? అంత గొప్ప పేరు చెవిన పడితే చావు ఊరుకుంటాదా? ఇంటికి తెచ్చెయ్యండి. ఏదయితే అది ఇంటికాడే అవనీ” అంది.

“ఏదీ అవ్వదు. నువ్వెళ్ళు అత్తా, నా పిల్ల పడుకుంది” అంది పైడమ్మ.

కానీ ఒక భయం ఉండేదే. నెలలు నిండని పిల్లలు ఊపిరి తీస్తూ తీస్తూ మధ్యలో మర్చిపోతారు. భీమరాజుకి ఆ మరుపు లేదు, వాడికి ఆకలొక్కటే, ఇప్పటికీ అంతే మీ మావయ్య. గజలక్ష్మికి ఉండేది. మర్చిపోయి నీలంగా అయిపోయేది, పెట్టెకి పెట్టిన గంట మోగేది. అప్పుడు సలోమి సిస్టరు పెట్టెలో చెయ్యి పెట్టి అరికాలి మీద వేలితో చిటుక్కుమని ఒకటి వేసేది. “గజలక్ష్మీ! ఊపిరి తియ్యి!” అనేది. పిల్ల ఉలిక్కిపడి ఊపిరి తీసేది.

మూడోసారి పెద్దత్త చేటలో తవుడు పోసుకుని వచ్చింది.

తవుడు ఎందుకంటావా? అదో ఆచారం. పిల్లని వేరే మనిషికి తవుడుకి అమ్మేసినట్టు అమ్మేసి, వాళ్ళ పిల్లే అన్నట్టు మళ్ళీ ఇంటికి తెచ్చి పెంచుకుంటారు. తవిటమ్మ అని పిలుస్తారు. చావు వచ్చి పైడమ్మ కూతురేదీ అంటే, ఇక్కడ లేదు పొమ్మనొచ్చట.

“నానే కొనుక్కుంటాను. ఆ ఏనుగు పేరు తీసేసి తవిటమ్మని పిలవ్వే. నీ కాళ్ళట్టుకుంటాను” అంది పెద్దత్త. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. చెడ్డ మనిషి కాదే. పిల్ల పోతుందని ఆవిడకీ భయమే.

పైడమ్మకి గుండె నీరైంది. అయినా తలెత్తింది. “అమ్మను” అంది. “నా కూతుర్ని దాచిపెట్టి, తవుడు కింద కట్టి బతికించుకోను. చావొస్తే రమ్మను. పైడమ్మ కూతురు గజలక్ష్మి ఇక్కడే ఉందని నేనే చెప్తాను. సలోమి సిస్టర్ని దాటి రమ్మను. చేతులు కడుక్కుని మరీ రమ్మను!”

ఆ మాట నోట్లో ఉండగానే లోపల గంట మోగింది. గజలక్ష్మి ఊపిరి మర్చిపోయింది.

సిస్టరు అరికాలి మీద వేసింది. కదల్లేదు. ఇంకోటి వేసింది. కదల్లేదు. పెద్ద డాక్టరు గారు పరిగెత్తుకొచ్చి చిన్న రబ్బరు బుడగతో ముక్కులోకి గాలి కొట్టారు. పిల్ల ఇంకా నీలంగానే ఉంది. అన్ని మాటలు మాట్లాడిన పైడమ్మ, గాజుకి నుదురు ఆనించి నిలబడిపోయింది.

అప్పుడు పక్కన చేట దభీమని కింద పడింది. పెద్దత్త రెండు చేతులతో గాజు మీద బాదుతోంది. “గజలక్ష్మీ! ఓలమ్మ గజలక్ష్మీ! ఊపిరి తియ్యే నా తల్లీ!”

లోపల సిస్టరు మూడోసారి అరికాలి మీద చిటుక్కుమనిపించింది. గజలక్ష్మి కాలు వెనక్కి లాక్కుంది. లాక్కుని ఏడ్చింది. పిట్ట కొంచెం, కూత ఘనం! ఆ ఏడుపు వరండా చివరిదాకా వినబడింది.

కాసేపటికి సిస్టరు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. నేలంతా తవుడు. “ఎవరమ్మా ఇది పోసింది? నా గది ముందు దుమ్మా?” అని గద్దించింది. పెద్దత్త వంగి కొంగుతో మొత్తం ఎత్తుకుంది. ఆ తవుడు ఇంటికెళ్ళి గేదెకి పెట్టింది.

ఆ తర్వాత గజలక్ష్మి ఊపిరి మర్చిపోవడం మానేసింది. ఇద్దరికీ బుగ్గలొచ్చాయి. ఇంటికెళ్ళే రోజున పైడమ్మ వంగి సిస్టరు కాళ్ళు పట్టుకోబోయింది. సిస్టరు భుజాలు పట్టి లేపేసింది. “కాళ్ళు పట్టుకోవడం నా పనమ్మా, అదీ గుప్పెడు పిల్లలవి. నీ పని నువ్వు బాగా చేశావు, వెళ్ళు” అంది. దారిపొడుగునా పైడమ్మ ఏడుస్తూనే ఉంది. అది వేరే ఏడుపు.

ఆ గజలక్ష్మి పెరిగి పెద్దదై, పెళ్ళాడి, ఒక పిల్లని కంది. ఎవరినో చెప్పు? ఆఁ, ఈ మూతి ముడుపు పిల్లనే. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి మీ అమ్మ పేరు రాసింది. సలోమి. చుట్టాలంతా గుసగుసలు. మన ఇళ్ళల్లో ఆ పేరేటి, ఎవరైనా నవ్వుతారు, మార్చండి అన్నారు.

అప్పుడు మూలన మంచం మీంచి పెంటమ్మ పెద్దత్త లేచింది. నడుం వంగిపోయింది, కళ్ళు కూడా సరిగా కనబడవు. కర్ర నేలకేసి కొట్టింది. “నాకు పెంట అని పేరెట్టిన నాడు ఒక్కడూ ఇదేటని అడగలేదు. పిల్లకి ఊపిరిపోసిన మనిషి పేరెడితే అడగడానికి వచ్చారా?” అంది. అని, నిన్ను ఒళ్ళోకి తీసుకుని నీ చెవిలో మొదట ఆ పేరు పిలిచింది ఆవిడే.

ఇప్పుడు చెప్పు, మార్చమంటావా? లేదా? ఆఁ, అదీ! మరి రేపు బళ్ళో నీ పేరేంటని అడిగితే ఎలా చెప్తావు? గట్టిగా. ఇంకా గట్టిగా. మీ అమ్మ లేస్తే లేవనీ.

ఏదీ, కాలు ఇలా ఇయ్యి. రోజూ పడుకోబోయే ముందు అరికాలి మీద చిటుక్కుమని ఎందుకు వేస్తానని అడుగుతుంటావుగా. ఇదిగో, వేశాను. ఊపిరి తీసి పడుకో.

కథేమో కంచికి,
తవుడేమో గేదెకి,
గజలక్ష్మి ఇంటికి,
మా సలోమి నిద్రకి!