అవతలి పిడి

కట్టెలు కోసే మిషన్ కొనడానికి నాగముని బద్వేలు వెళ్ళడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. మఠం భక్తులు తలా కొంత వేసుకుని ఇచ్చిన తొమ్మిది వేలూ జేబులో అలాగే ఉన్నాయి.

గురుపౌర్ణమి ఇంకా పదకొండు రోజులే ఉంది. పండగ మూడు రోజులూ కొండ కింది మఠంలో ఎంతమంది వస్తే అంతమందికీ అన్నం పెడతారు. గాడిపొయ్యి మీద ఎనిమిది గుండిగలు ఒక్కసారే ఉడుకుతాయి. ఆ పొయ్యిలోకి కట్టె మఠం మనుషులే కోయాలి, కూలికి కోయించకూడదు. మఠం పుట్టిన నాటి నుంచీ అదే కట్టుబాటు. రైతులు ట్రాక్టర్లలో తెచ్చి దించిపోయిన తుమ్మమొద్దులు వంటసాల వెనక గుట్టగా పడి ఉన్నాయి. నాలుగు నెలలుగా వాటి మీద రంపం పడలేదు. చిన్నాచితకా కొమ్మలు గొడ్డలితో కొట్టి నాగముని ఎలాగో రోజులు నెట్టుకొస్తున్నాడు.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆ మొద్దులు కోసింది నాగమునీ, తిప్పన్నా. ఇద్దరూ ఒకే ఏడు మఠంలో చేరారు. తిప్పన్నకు కింద ఊళ్ళో పెళ్ళాం ఉంది, ఇల్లుంది. నాగమునికి మఠమే ఇల్లు. పొద్దున్నే మొద్దుకు ఆ పక్క ఒకడు, ఈ పక్క ఒకడు కూర్చుని, రెండు పిడుల రంపం పట్టుకుని ఎండెక్కేదాకా లాగేవాళ్ళు. నాగముని నోటి దురుసు అందరికీ తెలిసిందే. పిల్లి అడ్డం వచ్చినా దాని వంశమంతా తిట్టిగానీ వదలడు. తిప్పన్న అన్నీ విని నవ్వేవాడు. ఆ తిట్లు వినపడని రోజు వంటసాలలో ఆడవాళ్ళు, ఈ పొద్దు కట్టె కోయడం లేదా ఏమి అని తొంగి చూసేవాళ్ళు.

ఫాల్గుణమాసంలో తిప్పన్న పోయాడు. మొద్దు ముందే, రంపం చేతిలో ఉండగానే. గుండె ఆగిందన్నారు.

ఆ తర్వాత, ఆ పక్క మేము కూర్చుంటామని ఇద్దరు ముగ్గురు వచ్చారు. నాగముని అందరినీ కసిరి తరిమేశాడు. రంపాన్ని ధాన్యం గదిలో పడేసి గొళ్ళెం పెట్టేశాడు. మనిషి దుఃఖంలో ఉన్నాడులెమ్మని ఎవరూ రెట్టించలేదు. పండగ దగ్గరపడేసరికి, పోనీ ఒక్కడే కోసుకునే మిషన్ కొనిద్దామని చందా వేసుకున్నారు.

బద్వేల్లో రఫీ అంగట్లో మోటార్లు, పైపులు, మందు కొట్టే పంపులు అమ్ముతారు. కోత మిషన్లు మూడు రకాలు ఉన్నాయి. మంచిది పద్దెనిమిది వేలు. దాని వంక చూసి లాభం లేదు గనక నాగముని చూడలేదు. మిగతా రెండింటి ముందూ గొంతుక్కూర్చున్నాడు.

"మునన్నా, రెండుసార్లు చెప్పినా, మళ్ళీ చెప్తాండా," అన్నాడు రఫీ. ఓర్పున్న మనిషి, కానీ ఆ ఓర్పు అడుగంటుతోంది. "ఇది కరెంటుది. ఐదున్నర వేలు. చప్పుడు తక్కువ. కాకపోతే మీ కొండ కింద వోల్టేజీ నిలకడ ఉండదు, మోటారు కాలిపోతాది. వైరు ఎంత దూరం వస్తే అంతే కోత. ఇది పెట్రోలుది. ఏడున్నర. చైనా మాలు. నెమ్మదిగా వాడుకుంటే రెండేండ్లు వస్తాది. పెట్రోల్లో ఆయిలు కొలతగా కలపాల. మీది తుమ్మ గదా, చేవ ముదిరింటాది. పొద్దుకోసారన్నా చెయిను ఆకురాయితో సాన పట్టుకోవాల. మిగిలిన డబ్బుతో ఇంకో చెయిను కొనుక్కో. నన్నడిగితే ఇదే నీకు సరి."

నాగముని పెట్రోలు మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూశాడు. తిప్పి చూశాడు. దాని పిడి ఒక్క మనిషి పట్టుకోవడానికే చేసి ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి అతనికి ఊపిరి కొంచెం తేలికగా ఆడింది.

"దీనికి పక్కన మనిషి అక్కర్లేదు గదా?" అన్నాడు.

"కోయడానికి అక్కర్లేదు."

"అదే అడుగుతాండా."

రఫీ గడ్డం గోక్కున్నాడు. అమ్ముకునేవాడు అక్కడితో ఆగిపోవచ్చు. రఫీ ఆగలేదు. "కానీ ఒంటరిగా మాత్రం వాడద్దన్నా. ఇది ఒక్కోసారి ఎగిరి తంతాది. తొడ మీద పడితే నీ చేత్తో నువ్వు కట్టు కూడా కట్టుకోలేవు. కోసినంతసేపూ పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. కొనే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పే ఇస్తా."

నాగముని మిషన్‌ని మెల్లగా కింద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. మెట్లు దిగి బస్టాండు దారి పట్టాడు. వెనకనుంచి రఫీ ఏదో కేకేశాడు గానీ అతనికి వినపడలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక తిప్పన్న పోయిన పొద్దు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. రోజూ వస్తూనే ఉంది, కొత్తేమీ కాదు.

ఆ పొద్దు వేపమొద్దు కోస్తున్నారు. తిప్పన్న లాగుడు తగ్గింది. రంపం అటు పోవాల్సినంత పోవడం లేదు, పైగా బరువెక్కుతోంది. కోత వంకర పోతుందేమోనని నాగముని చూపంతా గీత మీదే ఉంది. తలెత్తకుండానే అరిచాడు. "ఏం తిప్పన్నా, తిన్నదంతా యాడికి పోతాంది? రంపంతో పాటు నిన్ను గూడా నేనే లాగాల్నా? చేత కాకుంటే పోయి ఆడోళ్ళతో బియ్యం ఏరుకో పో!" అవతల తిప్పన్న నవ్విన చప్పుడు వినపడింది. ఆ తర్వాత రంపం జోరందుకుంది. తిప్పన్న బలంగా లాగాడు. ఇరవై లాగుడులు, మహా అయితే పాతిక. "అదీ, అట్లా రా దారికి," అన్నాడు నాగముని. అప్పుడు తిప్పన్న ముందుకు వంగి, మొద్దు మీద తల పెట్టుకున్నాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఈ సంగతి నాగముని ఎవరికీ చెప్పలేదు. తిప్పన్న పెళ్ళాం వచ్చి, "ఆఖర్న ఏమన్నా అన్నాడా అన్నా?" అని అడిగితే, "నవ్వినాడమ్మా," అని మాత్రం చెప్పాడు. అబద్ధం కాదు. అందుకే అది ఇంకా ఎక్కువ కాల్చింది. తను పోయి తిప్పన్న మిగిలున్నా బాగుండేదని రోజుకు పదిసార్లు అనుకుంటున్నాడు. మిషన్ మీద అతనికి ఆశ పుట్టింది కూడా అందుకే. దాన్ని ఎంత తిట్టినా దానికి గుండె ఆగదు. ఇప్పుడు దానికీ పక్కన మనిషి కావాలంటున్నారు.

మఠానికి చేరేసరికి సాయంత్రమైంది. చెంగయ్య తాత అరుగు మీద కూర్చుని విస్తరాకులు కుడుతున్నాడు. మఠానికి గురువు ఆయనే. ఎనభై నాలుగేళ్ళు. ఉపన్యాసం చెప్పమని ఎవరైనా అడిగితే, "అన్నం తిన్నారా?" అని అడిగే రకం.

"మిషన్ యాడరా?" అన్నాడు తాత.

"తేలేదు తాతా."

"డబ్బులు సాల్లేదా?"

"సాలినాయి."

"మరి?"

"దానికి గూడా పక్కన మనిషి ఉండాలంట."

తాత పుల్ల విరిచి ఆకుకు గుచ్చాడు. నాగముని తొమ్మిది వేలూ తీసి అరుగు మీద పెట్టాడు.

"నా చేత కాదు తాతా. ఈ యేడు కట్టె ఎవురితోనన్నా కోయించుకోండి. నన్ను పంపించెయ్యి. నేను ఇంగ ఈడ ఉండలేను."

"యాడికి పోతావు?"

ఇరవై రెండేళ్ళుగా నాగమునికి వేరే చోటు లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

"పోదువులే," అన్నాడు తాత. "పొద్దున్నే పోదువు."

వద్దంటాడేమో, కనీసం కారణం అడుగుతాడేమో అనుకున్నాడు నాగముని. తాత ఇంకో ఆకు అందుకున్నాడు. తన అవసరం ఇక్కడ ఎవరికీ లేదని నాగమునికి అర్థమైపోయింది. గదిలోకి పోయి రెండు పంచెలు, ఒక దుప్పటి సంచిలో కుక్కాడు. అంతకంటే అతనికి ఆస్తి లేదు.

తెల్లవారాక సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. వంటసాల పక్కనుంచి పోవాలి. పోతూ పోతూ ఆగిపోయాడు.

ధాన్యం గది తలుపు తీసి ఉంది. తుమ్మమొద్దు ఒకటి దిమ్మెల మీదికి ఎక్కి ఉంది. దాని మీద అడ్డంగా రంపం. మొద్దుకు అవతల, తిప్పన్న కూర్చునే చోట, పంచె ఎగగట్టుకుని చెంగయ్య తాత కూర్చున్నాడు. సన్నటి రెండు చేతులతో పిడి పట్టుకుని ఉన్నాడు.

"పోయేటోనివి పోదువు," అన్నాడు. "ఈ పొద్దు పొయ్యిలోకి కట్టె లేదు. ఒక్క కోత కోసిపో."

"నువ్వు లెయ్యి తాతా. నీకెందుకు ఇది?"

"కూర్చో."

గురువు కూర్చోమన్నాక నిలబడడం నాగమునికి రాదు. సంచి దించాడు. ఇవతల కూర్చుని పిడి పట్టుకున్నాడు.

ఆ రంపాన్ని లాగడమే గానీ నెట్టకూడదు. నెడితే రేకు వంగిపోతుంది. తన వంతు లాగి, చేయి వదులు చేసి, అవతలివాడు లాక్కునేదాకా ఊరుకోవాలి. నాగముని లాగాడు. వదిలాడు. అవతలనుంచి తాత లాక్కున్నాడు. పొట్టు రాలింది. మళ్ళీ లాగాడు. ఎనభై నాలుగేళ్ళ చేతులు మొదట మూరెడు లాగాయి. తర్వాత జానెడు. కోత రెండు వేళ్ళ లోతు దిగిందో లేదో, రంపం బరువెక్కింది. తాత పిడి మీదికి వాలిపోయాడు. రంపం కోతలో ఇరుక్కుని ఆగింది.

నాగముని చూపు గీత మీదే ఉంది. అలవాటు.

"ఏమీ అనవేంరా?" అన్నాడు తాత.

"ఏమనాల తాతా?"

"రంపం బరువైతే ఏమంటావో అది."

ఆ పొద్దు తాత అరుగు మీద ఉండి విన్నాడో, మనుషుల్ని తరిమేసిన తీరు చూసి తెలుసుకున్నాడో, నాగమునికి తెలియదు. ఇరవై రెండేళ్ళు రోజూ అన్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. తలెత్తి చూశాడు.

తాత నుదుటి మీద చెమట పట్టి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. ఇవన్నీ కనపడుతూనే ఉన్నాయి. తలెత్తితే చాలు, ఎవరికైనా కనపడతాయి. ఆ పొద్దు కూడా కనపడేవి.

"అలిసిపోయినావా తాతా?" అన్నాడు. "కాసేపు ఆగుదాం."

అన్నాక ఇంక ఆపుకోలేకపోయాడు. మొద్దు మీద తల ఆనించి, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఇంత చిన్న మాట. ఇది అనడానికి ఎంతసేపు పట్టింది కనుక. వంటసాల తలుపు దగ్గరికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

"నేనే సంపేసినా తాతా. వాడు అలిసిపోయినాడు, నేను తిట్టినా. నా తిట్టుకు రోషం వచ్చి లాగినాడు. లాగి సచ్చిపోయినాడు."

వాడికి ఆయువు అంతే ఉందిలేరా అని తాత అంటాడని ఎదురుచూశాడు. నీ తప్పేం లేదు అంటాడనీ ఎదురుచూశాడు. తాత ఆ రెండు మాటల్లో ఏదీ అనలేదు. అవతలి పిడి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎండ మొద్దు మీదికి వచ్చింది. నాగముని ఏడుపు అలిసి, తగ్గి, వెక్కిళ్ళలోకి దిగింది. లోపల బరువు తగ్గిందా అంటే తగ్గలేదు. తిప్పన్న తిరిగి రాడు. ఈ మాట అతనికి చేరదు.

కాసేపటికి రంపం కొంచెం కదిలింది. తాత దాన్ని తన వైపు బెత్తెడు లాక్కున్నాడు.

"మిషన్ కొంటావో, పోతావో, అది తర్వాత సంగతి," అన్నాడు. "ఈ కోత సగంలో ఉంది. లాగు."

"నీ చేత కాదు తాతా."

"అలిసిపోతే చెప్తాలే."

నాగముని పై పంచెతో మొహం తుడుచుకుని పిడి పట్టుకున్నాడు. లాగాడు. వదిలాడు. తాత లాక్కున్నంత సేపూ ఊరుకున్నాడు. నాలుగు లాగుడులు అయ్యాయి. ఐదోది లాగబోతుండగా అవతలనుంచి తాత గొంతు వినపడింది.

"చెప్పకపోయినా అడుగు."