కుట్లు పడిన చేతులు

తోలుబొమ్మలాడించే అనుమక్క ఒక కొత్త ఉపాయం కనిపెట్టింది. ఒంటితో ఒకే ముక్కగా ఉండే బొమ్మ చేతుల్ని భుజం దగ్గర కోసి, దారపు ముడితో మళ్లీ కలిపింది. తెర మీద బొమ్మలు చేతులు ఝాడిస్తూ పోట్లాడుతుంటే జనం విరగబడి చూశారు.

కళలన్నీ తనకే తెలుసనుకునే వీరమల్లరాజుకు ఒళ్లు మండింది.

"ఇది కళా? వడ్రంగి పని! తాతలనాటిలా చేతులు కదలకుండా కుట్టెయ్. లేదంటే నీ బొమ్మల పెట్టె తగలబెట్టిస్తా."

అనుమక్క బొమ్మల చేతులన్నీ కుట్టేసింది.

దసరాకు, రాజుగారి తాత గెలిచిన యుద్ధం ఆడమన్నారు. తెర మీద శత్రువు ఎత్తిన కత్తి ఎత్తినట్టే మీదికొచ్చాడు. తాతగారు రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. జనం గొల్లున నవ్వారు.

"మా తాత దణ్ణం పెట్టడమేమిటే? కత్తి ఎత్తించు!" అని రాజు అరిచాడు.

అనుమక్క తెర పక్కనుంచి తల బయటపెట్టింది.

"ఎలా ఎత్తుతారు మహారాజా? తమరు కుట్టమన్నప్పుడు తాతగారి బొమ్మ దేవుడికి మొక్కుతోంది, ఆ చేతుల్ని అలాగే కుట్టేశాను. తమరి ఆజ్ఞే కదా! కత్తెర నా దగ్గరే ఉంది. కుట్లు విప్పమనే మాట మాత్రం తమరే అనాలి. కాస్త గట్టిగా అనండి, వెనక కూర్చున్నవాళ్లకూ వినపడాలి."