పక్కు రాల్చుకున్న కాంచనుడు

మారేడుకోన అనే అడవిలో చుక్కల దుప్పులు, కొండముచ్చులు, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. ఎలుగుబంటికి గాయాల సంగతి బాగా తెలుసు. అడవిలో అన్నీ ఆమెను ఎలుగవ్వ అనేవి.

దుప్పుల మందకు కాంచనుడు పెద్ద. తన ఒంటి మీది చుక్కలంటే అతనికి ఎంతో గర్వం. మడుగులో తన నీడ చూసుకోనిదే నీళ్లలో మూతి పెట్టేవాడు కాదు.

ఒక వేసవి పొద్దున రేచుకుక్కల గుంపు మంద మీద పడింది. మంద తూర్పు లోయలోకి పారిపోయింది. కాంచనుడు, కురంగి అనే ఆడ దుప్పి మాత్రం విరిగిన వెదుళ్ల మీదుగా మరో వైపు దూకారు. వెదురు మొనలు ఇద్దరి తొడలనూ చీల్చాయి. ఎలాగో మడుగు ఈది ప్రాణాలు దక్కించుకున్నారు.

ఎలుగవ్వ వచ్చి గాయాలు చూసింది. "మనిషికైనా మనకైనా నెత్తురంటే ఒట్టి ఎర్ర నీరు కాదు నాయనా. అందులో ఎర్ర కణాలు ప్రాణవాయువును మోస్తాయి. ప్లేట్‌లెట్లనే చిన్న ముక్కలు చీలిన చోట గుమిగూడి నెత్తురు ఆపుతాయి. దాని మీదే పక్కు కడుతుంది. ఆ పక్కు కింద తెల్ల కణాలు లోపలికి చొరబడ్డ క్రిములను పట్టి మింగుతాయి. వాటి పని అయ్యేదాకా ముట్టుకోకండి" అంది.

గాయం చుట్టూ వాపూ వేడీ ఉంటాయని, కాస్త చీము కనబడితే అది పోరులో చచ్చిన తెల్ల కణాలేనని, ఎక్కువైతే తనకు కబురు పెట్టమని చెప్పింది. పది రోజులు పొద చాటున కదలకుండా పడుకోమని వెళ్లిపోయింది.

నాలుగో రోజు ఒక కొండముచ్చు వచ్చి, మందలో పింగళుడనే కొత్త మగ దుప్పి పెత్తనం చేస్తున్నాడని చెప్పింది. కాంచనుడికి ఒళ్లు మండింది. తన తొడ వైపు చూసుకున్నాడు. చుక్కల మధ్య పక్కు నల్లగా, మందంగా ఉంది. ఈ మచ్చతో మంద ముందు ఎలా నిలబడతానని బాధపడ్డాడు. లేచి మద్ది చెట్టు బెరడుకు తొడను రుద్దసాగాడు.

"వద్దు కాంచనన్నా. ఇంకా లోపల మానలేదు" అని కురంగి బతిమాలింది.

"వికారంగా ఉన్నవాణ్ణి ఎవరు పెద్ద అంటారు?" అన్నాడు కాంచనుడు.

పక్కు ఊడిపోయింది. నెత్తురు కారింది. అతను లెక్కచేయకుండా తూర్పు లోయ వైపు కుంటుకుంటూ బయలుదేరాడు. అడుగుకొక బొట్టు ఎండుటాకుల మీద పడింది.

కాసేపటికి రేచుకుక్కలు ఒకదాన్నొకటి పిలుచుకునే ఈలలాంటి కూత కురంగికి వినబడింది. ఆమె ఊపిరి బిగబట్టింది. ఒక కుక్క పొద పక్కకే వచ్చి ఆగింది. దాని రొప్పు కురంగికి వినిపిస్తోంది. పారిపోవాలనిపించినా ఆమె కదల్లేదు. ఆమె గాయం మూసుకునే ఉంది. కుక్క ముక్కుకు ఆకుల మీది పచ్చి నెత్తురు తగిలింది. అది ఆ జాడ పట్టింది. గుంపంతా దాని వెనకే పరుగెత్తింది.

లోయ అంచుకు చేరేసరికి కాంచనుడికీ ఆ ఈల వినబడింది. కింద మందలో కూనలు పాలు తాగుతున్నాయి. వెనక ఆకుల మీద తన నెత్తురే దారి చూపిస్తోంది. తాను కుక్కలను ఎక్కడికి తీసుకొస్తున్నాడో అతనికి అప్పుడు అర్థమైంది. ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత లోయలోకి దిగకుండా రాళ్ల గుట్ట వైపు తిరిగి, ఉన్న బలమంతా కూడగట్టుకుని పరుగెత్తాడు. కుక్కలు అటే మళ్లాయి.

ఆ రోజు మందలో ఒక్క కూన కూడా చావలేదు. కాంచనుడు తిరిగి రాలేదు.

పదకొండో రోజున కురంగి పక్కు దానంతటదే రాలింది. కింద లేత చర్మం కనబడింది. ఆమె మెల్లగా నడిచి మందను చేరింది. కాంచనుడు కుక్కలను గుట్ట వైపు మళ్లించడం లోయలోంచి చూసిన దుప్పులు ఆమెకు ఆ సంగతి చెప్పాయి. కాంచనుడు ఏం చేశాడో, ఎందుకు గుట్ట వైపు తిరిగాడో కూనలకు రెండూ చెప్పింది.

నీతి: గాయాన్ని మాన్పే పని ఒంటి లోపల కనబడకుండా జరుగుతుంది. పైకి అందంగా కనబడాలని దాన్ని చెడగొట్టుకున్నవాడు తనకే కాక తనవారికీ ముప్పు తెస్తాడు.