పోలమ్మ దిబ్బరొట్టెకు రాజముద్ర

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే ఏ రాజ్యమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కనుక ముందే చెబుతున్నాను, దాని పేరు మణిగిరి. దాన్ని ఏలే రణధీర భూపాలుడు ఒక్క యుద్ధమూ చేయలేదు గాని, బిరుదులు ఇవ్వడంలో మాత్రం ఆయనను మించినవాడు లేడు. పట్టపుటేనుగుకు బిరుదు ఇచ్చాడు. కోటలోని బావికి ఇచ్చాడు. ఒకసారి జలుబు చేసి రెండు రోజుల్లో తగ్గిపోతే ఆ జలుబుకు కూడా ఇవ్వబోయి, పతకం ఎవరి మెడలో వెయ్యాలో తోచక ఊరుకున్నాడట.

ఆ కొలువులో ముమ్మన అనే చిన్న ఉద్యోగి ఉండేవాడు. ప్రజలు రాయించి పంపుకున్న విన్నపాలను రాజుకు చదివి వినిపించడం అతని పని. రాజు సగం విని ఆవలించేవాడు. మిగతా సగం ముమ్మన స్తంభాలకు చదివేవాడు. అలా చదివి చదివి, ఏ మాట రాజు చెవికి ఎక్కుతుందో, ఏది ఎక్కదో అతనికి బాగా తెలిసిపోయింది.

ఒకనాడు రత్నాల వర్తకుడొకడు కొలువుకు వచ్చి, మాటల మధ్య తమ దేశపు సంగతి ఒకటి చెప్పాడు. అక్కడ వీధుల్లో వండి అమ్మేవాళ్ళలో మంచి చేయి ఉన్నవాళ్ళకు రాజుగారు తన ముద్ర వేసిన ఫలకం ఇస్తారట. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన బాటసారి ఆ ఫలకం చూసి, కొద్దిపాటి ఖర్చుతో కడుపునిండా తిని, తన దారిన తాను పోతాడట. ఈ మాట వినగానే రణధీరుడి మొహం వాడిపోయింది. బిరుదు ఇవ్వదగిన చోటు ఒకటి లోకంలో మిగిలి ఉందని, అది తనకంటే ముందు మరో రాజుకు తట్టిందని ఆయన బాధ.

మన ఊళ్ళో అలాంటి అంగడి ఏదని అప్పటికప్పుడే అడిగాడు. కొలువులోని పెద్దలందరూ నేల చూపులు చూశారు. వాళ్ళు వీధిలో తినరని కాదు, తిన్నామని ఒప్పుకోరు. ముమ్మనకు అలాంటి పట్టింపు లేదు. ఊరి తూర్పు ద్వారం, గవిని దగ్గర, సుంకం కట్టే బళ్ళు ఆగే చోట, పోలమ్మ అనే ఆవిడ దిబ్బరొట్టె కాలుస్తుందని, ఒక్క కాసుకు రొట్టె, దాంతోపాటు చెరకు పానకం కూడా ఇస్తుందని చెప్పాడు. పదిహేనేళ్ళ కిందట ముమ్మన ఈ ఊరికి వచ్చిన మొదటి పొద్దున, చేతిలో చిల్లిగవ్వ లేక నిలబడి చూస్తుంటే, ఏమీ అడగకుండా అడ్డాకులో రొట్టె పెట్టింది ఆవిడే. ఆ మేలు తీర్చుకునే రోజు వచ్చిందని అతను లోలోపల ఎంతో సంతోషించాడు.

రాజు పల్లకీలో బయలుదేరాడు. వెంట ఆస్థాన పాకశాస్త్ర పండితుడు భీమావధాని మరో పల్లకీలో వచ్చాడు. ఈయన వంట గురించి పన్నెండు గ్రంథాలు రాశాడు, పొయ్యి మాత్రం ఎన్నడూ అంటించలేదు. పోలమ్మ ఎవరు వచ్చారో సరిగా చూడను కూడా చూడలేదు. ఇనుప మూకుడులో మినప్పిండి దట్టంగా పోసి, మూత పెట్టి, కింద నిప్పులు, పైన నిప్పులు వేసి, అడుగు ఎర్రగా కరకరలాడేదాకా ఉంచి, ముక్కలు చేసి ఆకులో వేసింది. రాజు ఒకటి తిన్నాడు. ఇంకొకటి అడిగాడు. ఆ తర్వాత అడగడం మానేసి ఆకు చాపడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండా పళ్ళెమంత కంచు ఫలకం పోత పోయించి పోలమ్మ అంగడికి పంపారు. దాని మీద పద్నాలుగు పంక్తులు చెక్కారు. అందులో తొమ్మిది పంక్తులు రాజుగారి బిరుదులు, నాలుగు పంక్తులు భీమావధాని వంశమూ పాండిత్యమూ, అన్నిటికంటే అడుగున అంచు దగ్గర 'రొట్టె బాగుంటుంది' అని ఒక్క ముక్క. పోలమ్మ పేరుకు చోటు చాలలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఫలకం పంపిన నాడే భీమావధాని ఒక ధర్మసూక్ష్మం కనిపెట్టాడు. ప్రభువుల నాలుక మెచ్చిన పదార్థం రాజభోగం అవుతుంది గనుక, ప్రతిరోజూ ప్రభువులు తిన్న తర్వాతే మరొకరి నాలుక దాన్ని తాకాలి. రాజుకు ఈ మాట తేనెలా తోచింది. వెంటనే రాతి మీద చెక్కించి గవిని పక్కన పాతించాడు. తొలి రొట్టె గొడుగు పట్టి, డప్పులతో కోటకు వెళ్ళాలి. రాజుగారు తిన్నారని కోట మీద కొమ్ము ఊదేదాకా పోలమ్మ ఇంకెవరికీ పెట్టకూడదు.

రాజుగారు లేచేది పొద్దు బారెడెక్కాక. ఆపైన స్నానం, పూజ, భట్రాజుల స్తోత్రం. కొమ్ము ఊదేసరికి నడిమింటి ఎండ. ఉప్పు బళ్ళవాళ్ళూ, కావళ్ళవాళ్ళూ, తీర్థం వెళ్ళేవాళ్ళూ తెల్లవారగానే దారి పట్టేవాళ్ళు. వాళ్ళు ఆ ఫలకం చూసి వచ్చి, వేడి వేడి రొట్టె వాసన పీల్చి, రాతి మీద ఆజ్ఞ చదివించుకుని, తిట్టుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. మధ్యాహ్నానికి రొట్టెలు చెప్పు అట్టల్లా బిగుసుకుని పశువుల గాటికి చేరేవి.

పది రోజులకు పోలమ్మ ముమ్మన ఇంటికి వచ్చి గడప మీద కూలబడింది. అంగడి మూసేద్దామంటే రాజభోగం ఆపిన నేరం. వేరే ఊరు పోదామంటే ఫలకం మోసుకుపోయిన నేరం. ఉందామంటే తినేవాడు లేడు.

"నాయనా, నీకు నేను ఒక్క రొట్టేగా పెట్టాను," అంది. "దానికి ఇంత పగ పట్టాలా?"

తన నోటి మాటతో ఆవిడ కూటిలో మన్ను పడిందని ముమ్మన సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగైదు నాళ్ళు ఓపిక పట్టమని, తన తల తాకట్టు పెట్టయినా సరే, బాటసారులు మళ్ళీ పొద్దున్నే ఆమె రొట్టె తినేలా చేస్తానని మాట ఇచ్చాడు.

మరునాడు ఆమె విన్నపాన్ని కొలువులో చదివాడు. అలవాటు ప్రకారం రాజు సగంలో ఆవలించబోయి, ఫలకం తీసేయమన్న మాట వినబడగానే నిటారుగా కూర్చున్నాడు. కొందరికి గౌరవం అరగదని భీమావధాని ఎకసెక్కెంగా నవ్వాడు. తన ఫలకం దింపమని ఇంకొకసారి ఎవరన్నా వాళ్ళ నాలుక తీయిస్తానని రాజు గర్జించాడు.

ముమ్మన వినయంగా విన్నపం మడిచి పెట్టాడు. దింపమంటే కదా నాలుక పోయేది అనుకున్నాడు. ఇంకో సంగతి కూడా చెవిన పడిందని, చెప్పడానికి నోరు రావడం లేదని నసిగాడు. రాజు చెప్పమన్నాడు.

"పరదేశపు వర్తకులు సత్రంలో గుసగుసలాడుకుంటున్నారు ప్రభూ. ఈ రాజుగారి నాలుకకు ఒక్క వీధే తెలుసట అని."

రణధీరుడు సింహాసనం మీద నుంచి దాదాపు లేచి నిలబడ్డాడు. ఊళ్ళో పేరున్న అంగళ్ళు ఎన్ని ఉన్నాయని అడిగాడు. పోలమ్మది కాక ఇరవై ఆరని ముమ్మన తడుముకోకుండా చెప్పాడు. పెసరట్లు, ఆవిరి కుడుములు, గుంటపొంగణాలు, నేతి బూరెలు, జొన్నరొట్టెలు, గుగ్గిళ్ళు, నువ్వుండలు, అంబలి, అన్నీ వరసపెట్టి వినిపించాడు. అన్నిటికీ ఫలకాలు ఇవ్వమని రాజు ఆజ్ఞాపించాడు.

ముమ్మన అప్పుడు భీమావధాని వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. తనబోటి అల్పుడికి శాస్త్రం తెలియదని, ఆ రాతి మీది నియమం కొత్త అంగళ్ళకు కూడా వర్తిస్తుందా అని అడిగాడు. వీధి మారితే శాస్త్రం మారుతుందా అని అవధాని గద్దించాడు. పోనీ ప్రభువులు ఒక్కొక్కటి నోట వేసుకుని చూస్తే చాలదా అని అడిగాడు ముమ్మన. సభ అంతా వింటున్నది గదా, అవధాని గొంతు పెంచాడు.

"కొరికి వదిలేయడానికి ఇది ఎలుక భోజనమా? ఆకు ఖాళీ అయితేనే రాజభోగం. మెతుకు మిగిలితే ఆ అంగడికి అవమానం, ప్రభువులకు దోషం."

ఆ మాట కూడా రాతి మీద చెక్కిస్తే బాగుంటుందని ముమ్మన విన్నవించాడు. రాజు మహదానందంగా చెక్కించాడు.

మొదటి రోజు ఇరవై ఏడు గొడుగులు, ఇరవై ఏడు జతల డప్పులు కోటలోకి నడిచాయి. రాజు పోలమ్మ రొట్టెతో ఉత్సాహంగా మొదలుపెట్టాడు. పెసరట్టు దాకా మెచ్చుకున్నాడు. బూరెల దగ్గర మాటలు తగ్గాయి. జొన్నరొట్టెల దగ్గర నడికట్టు వదులు చేయించాడు. పదిహేనో అంగడి గుగ్గిళ్ళు వచ్చేసరికి ఒక్కొక్క గింజనూ శత్రువును చూసినట్టు చూశాడు. ఆఖరి ఆకు ఖాళీ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. అప్పటిదాకా ఊళ్ళో ఏ అంగడిలోనూ ఎవరికీ ముద్ద దిగలేదు.

రెండో రోజు ఇంకా ఘోరం. కోట కాపలావాళ్ళూ, మావటీలూ, పల్లకీ బోయీలూ పొద్దున్నే వీధిలో తిని పనిలోకి వచ్చేవాళ్ళే. తిండి లేక బోయీలు పల్లకీ ఎత్తలేకపోయారు. తిండి ఎక్కువై రాజు పల్లకీ ఎక్కలేకపోయాడు. భట్రాజు ఖాళీ కడుపుతో మొదలుపెట్టిన స్తోత్రం రెండో బిరుదు దగ్గరే ఆగిపోయింది.

మూడో రోజు పొద్దున డప్పుల చప్పుడు వినగానే రాజు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తన బదులు భీమావధాని తింటాడని కబురు పంపాడు. అవధాని ఆనందంగా ఆకు ముందు కూర్చోబోతుంటే ముమ్మన ఆందోళన నటిస్తూ అడ్డుపడ్డాడు. ప్రభువుల కంటే ముందు మరో నాలుక తాకకూడదని ఈయనే సెలవిచ్చారని, రాతి మీద కూడా ఉందని, తాకితే రాజద్రోహమని గుర్తుచేశాడు. అవధాని ఆకు ముందు నుంచి ఎంత తొందరగా లేచాడంటే ఉత్తరీయం అక్కడే ఉండిపోయింది.

చివరికి రాజు అందరినీ పంపేసి ముమ్మనను ఒక్కడినీ పిలిపించాడు.

"ఇదంతా నీ పనే," అన్నాడు మూలుగుతూ.

"నేను చదివేవాడిని మాత్రమే ప్రభూ. ఆజ్ఞ ఏలినవారిది, శాస్త్రం అవధానిగారిది. తిననివ్వమని అడిగినావిడ విన్నపం సగంలోనే ఆగిపోయింది."

రాతి మీద చెక్కించిన ఆజ్ఞను వెనక్కి తీసుకుంటే లోకం నవ్వుతుందని, తీసుకోకపోతే తాను బతకనని, మధ్యేమార్గం చెప్పమని రాజు అడిగాడు. ఆ క్షణం కోసమే ముమ్మన మూడు రోజులుగా చూస్తున్నాడు.

"వెనక్కి తీసుకోవద్దు ప్రభూ. తొలి ముద్ద తమ సొత్తే, కాదనేవాడు ఎవడు? ఆ సొత్తును దానం చేయండి. ప్రతి అంగడిలోనూ పొద్దున్నే ముందుగా వచ్చిన బాటసారి ఎవడైతే వాడికి ధారపోశామని చెక్కించండి. ఆజ్ఞ చెక్కుచెదరదు. పైగా లోకంలో ఏ రాజుకూ లేని బిరుదు వస్తుంది, ప్రథమ కబళ దాత అని."

రాజు కళ్ళు ఒక్కసారి మెరిశాయి. వెంటనే తనను ఎక్కడ పట్టుకుని ఎలా తిప్పుతున్నారో ఆయనకు అర్థమైంది. నన్ను ఉబ్బేస్తున్నావని నాకు తెలుస్తూనే ఉందిరా, అయినా ఉబ్బుతూనే ఉన్నాను అని నవ్వబోయి, పొట్ట నొప్పెట్టి ఆపుకున్నాడు. కొమ్ము ఊదించాడు. ఇక ఆ పూట కోటకు వచ్చిన ఇరవై ఏడు ఆకుల సంగతి తేలాలి. రాజభోగం పారబోస్తే దోషమా అని రాజు అవధానిని అడిగించాడు. మహాదోషమని, శ్లోకంతో సహా జవాబు వచ్చింది. అయితే తమరే తినండి అని రాజు సెలవిచ్చాడు. ఆకులు ఖాళీ అయ్యేదాకా అవధాని పక్కన ఇద్దరు భటులు నిలబడ్డారు. పదమూడో గ్రంథం ఆయన ఇంతవరకూ మొదలుపెట్టలేదు.

నెల తర్వాత ఒక తెల్లవారుజామున రాజు మామూలు పంచె కట్టి, ముమ్మనను వెంటబెట్టుకుని తూర్పు గవినికి నడిచి వెళ్ళాడు. అంగడి ముందు ఉప్పు బళ్ళవాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. రాజు అలవాటుకొద్దీ చేయి చాచాడు.

"ఉండు నాయనా, వాళ్ళు ముందొచ్చారు," అంది పోలమ్మ తల ఎత్తకుండానే.

రాజు చేయి వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. ఫలకం ఎక్కడా కనబడకపోవడంతో దాన్ని ఏం చేశావని అడిగాడు. పోలమ్మ పట్టకారుతో మూకుడు మీది మూత ఎత్తి, నిప్పులు పక్కకు దులిపి చూపించింది. పాత మూత కంటే ఇదే మేలని, కంచు మందంగా ఉండడంతో రొట్టె పైన కూడా ఎర్రగా కాలుతున్నదని చెప్పింది. రాజుగారి తొమ్మిది పంక్తులూ, అవధాని నాలుగు పంక్తులూ మసిబారి అక్షరం ఆనవాలు లేకుండా పోయాయి. రోజూ పట్టకారు రాసుకునే అంచు దగ్గర మాత్రం తళతళలాడుతూ ఒక్క ముక్క మిగిలింది, రొట్టె బాగుంటుంది అని.

రణధీరుడు దాన్ని రెండుసార్లు చదివి, ఉప్పు బళ్ళవాళ్ళు వెనక్కి తిరిగి చూసేలా పగలబడి నవ్వాడు. నేను ఇచ్చిన బిరుదులన్నిటిలో నిజం చెప్పింది ఇదొక్కటేనన్నాడు. అక్కడికక్కడే చేతి కడియం తీసి ముమ్మనకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ఇక మీదట విన్నపాలు చివరిదాకా వినమని ముమ్మన అడిగాడు.

రాజు కడియం వైపు చూసి, ఇంకో కడియం ఇస్తే సరిపోదా అని బేరమాడి చూశాడు. ముమ్మన ఒప్పుకోలేదు. ఆ తర్వాత మణిగిరిలో రాజుగారు ఆవలించడం మానలేదు గాని, విన్నపం పూర్తయ్యాకే ఆవలించేవాడు.