చెమట పట్టని కుండ

వేపలకోట దివాను భుజంగరాయుడికి చెమటంటే మహా రోత. కొలువులో ఎవరి నుదుట చెమట కనబడినా పది కొరడా దెబ్బలేనని చాటింపు వేయించాడు. ఎండన పడి మొర చెప్పుకోవడానికొచ్చిన రైతులు గుమ్మంలోంచే వెనుదిరిగేవారు.

ఒకనాడు రాజుగారి మంచినీళ్ళ కుండ ఒంటినిండా తడి కనబడింది దివానుకి. "ఇదీ చెమటే" అని కుమ్మరి పైడమ్మను పిలిపించి, చెమట పట్టని కుండ తెమ్మన్నాడు. ఆమె కొత్త కుండకి సందు లేకుండా లక్క పూసి తెచ్చిపెట్టింది.

మిట్టమధ్యాహ్నం రాజుగారు ఒక గుక్క తాగి ఉమ్మేసి, పైడమ్మను రప్పించారు. "ఇవి నీళ్ళా, కషాయమా?"

"దివానుగారి ఆజ్ఞ మారాజా. కుండకి పట్టిన చెమట ఆరుతుంటేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. మనిషి ఒళ్ళూ అంతే. చెమట ఆపమన్నారు, ఆపాను. నీళ్ళు కాగాయి."

రాజుగారు దివాను వైపు తిరిగారు. దివాను నుదుటి మీంచి చెమట ధారకట్టి కారుతోంది.

"పాపం, కొరడా దెబ్బలెందుకులెండి మారాజా," అంది పైడమ్మ. "లక్క కొంచెం మిగిలింది. పూసేయమంటారా?"