నూకాలుకి అమ్మవారు పోసినప్పుడు

ఎవరైనా ఏదైనా అడిగితే సూటిగా జవాబివ్వకుండా ఎవరింటి సంగతో ఎత్తుకోవడం పరదేశయ్య గురువుగారి అలవాటు. "అందరిలోనూ అమ్మవారే ఉందంటారు. మరి అందరికీ మొక్కలేకపోతున్నామేం స్వామీ?" అని శిష్యుడు సోమలింగం అడిగితే, ఆయన అప్పలకొండ సంగతి చెప్పారు.

అప్పలకొండ ఇంట్లో ఆమె ఆడపడుచు కూతురు నూకాలు పెరిగేది. తల్లి పోయిన పిల్ల. అప్పలకొండ తిండికి తక్కువ చేసిన మనిషి కాదు, నోటికే అదుపు లేదు. ఆ పిల్ల కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు. "మీయమ్మతోనే నువ్వూ పోకపోనావేటే!" అని ముఖం మీదే అనేసేది.

అలాంటి పిల్లకు ఒంటినిండా ఆటలమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు, వంటింట్లో తాలింపులు మానేశారు. అమ్మవారు పోసిన పిల్లను అమ్మవారిలాగే చూడాలి, కసరకూడదు. అప్పలకొండకు భయభక్తులు మెండు. పక్కన చేరి వేపమండతో విసురుతూ, "ఏటి కావాలి తల్లీ?" అంది. ఇంకెవరైనా ఉన్నారేమోనని నూకాలు వెనక్కి తిరిగి చూసింది. పక్క మీద అంబలి ఒలికినప్పుడు తిట్లు పడతాయని కళ్లు గట్టిగా మూసుకుంది. "పోనీలే తల్లీ, మళ్లీ తెస్తాను" అంటూ అత్త లేచి వెళ్లింది.

పొక్కులు మాడాయి. పసుపూ వేపాకూ వేసిన నీళ్లు సిద్ధమయ్యాయి. అప్పలకొండ చెంబు ఎత్తేసరికి నూకాలు మోచెయ్యి చూపించింది. మానిన పొక్కునే గోటితో గిల్లి గిల్లి నెత్తురు తెప్పించుకుంది.

"ఇంకా ఒకటుందత్తా. ఇయ్యాల నీళ్లు పొయ్యొద్దు."

"ఏటే, ఎందుకు?"

"అమ్మోరెల్లిపోతే మళ్లీ నేనే కదా ఉంటాను."

అప్పలకొండ చెంబు దించేసింది. ఊళ్లో ఎవరి నోటికీ జడవని మనిషి, ఆ పసిదాని ముఖం చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయింది. తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తుంటే చెవులు మూసుకున్నా ఆగలేదు.

గురువుగారు అంతవరకే చెప్పారు. సోమలింగం ఉండబట్టలేక, "ఇంతకీ నీళ్లు పోసిందా స్వామీ?" అన్నాడు.

"పోసింది నాయనా. పోశాక 'పోయిరా తల్లీ' అని అమ్మవారిని సాగనంపాలి కదా. ఆ మాటకే నోరు రాలేదు."