ధవళయ్య కాపలా కాసిన తలుపు

ఉత్తరాన, చలికాలమంతా సూర్యుడు ఇలా ముఖం చూపించి అలా వెళ్ళిపోయే మంచుదేశంలో ఒక భూర్జవనం ఉంది. అక్కడ చెట్ల బెరడు తెలుపు, నేల తెలుపు, ఆ నేల మీద తిరిగే నక్క కూడా చలికి తెల్లబడిపోతుంది. అంత తెలుపులో ఎర్రగా కనబడేవి పిడికిట్లో పట్టేంత పిట్టలు మాత్రమే. నెత్తిన ఎర్రటి మచ్చ, ముక్కు కింద నల్లటి మచ్చ. మనవాళ్ళెవరైనా చూస్తే గురివింద గింజకు రెక్కలొచ్చాయనుకుంటారు. అందుకని నేను వాటిని గురివింద పిట్టలనే అంటాను. వాటి సొంత పేరేమిటో అవి నాకు చెప్పలేదు.

ఈ పిట్టలు గుంపుగా తింటాయి, గుంపుగా ఎగురుతాయి, గుంపుగా వాగుతాయి. ఒక ఏడు డేగ తన్నిన దెబ్బకు చిట్టెయ్య అనే పిట్టకు రెక్క వాచింది. చెట్ల మీద గింజలు తగ్గాయని గుంపు ఇంకో వనానికి లేచిపోయింది. చిట్టెయ్య పెళ్ళాం గురివి మాత్రం మొగుణ్ణి వదిలి కదలనంది. ఇద్దరూ ఉండిపోయారు.

ఉండడమైతే ఉందిగాని, గురివికి మాట్లాడటానికి మనిషి కరువైంది. చిట్టెయ్య రెక్క నొప్పితో మూలుగుతాడు, లేకపోతే కునుకు తీస్తాడు. సరిగ్గా ఆ సమయానికి చెట్టు కిందికి నక్క ధవళయ్య వచ్చి, ఒంటరిదానివైపోయావా అమ్మాయ్ అని జాలిగా పలకరించాడు. ఆ ఒక్క పలకరింపుకి గురివి కరిగిపోయింది. కొమ్మ దిగలేదుగాని, కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. మొగుడు దూరం ఎగరలేడని చెప్పింది. తమది చిన్న ఒళ్ళు గనక ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ ఉండాలనీ, ఈ చలిలో ఉత్త కడుపుతో పడుకుంటే తెల్లారేసరికి బిగుసుకుపోతామనీ చెప్పింది. పొద్దుగూకాక పడిపోయిన భూర్జచెట్టు పక్కన మంచు తొలుచుకుని అందులో పడుకుంటామని కూడా చెప్పింది.

ధవళయ్య ఎంతో మర్యాదగా సెలవు తీసుకున్నాడు.

సంగతి విని చిట్టెయ్య తల పట్టుకున్నాడు. "పడక ఎక్కడో కూడా చెప్పేశావా?"

"మనసు బాగోలేదయ్యా. ఎవరో ఒకరు అడిగారు కదా అని..." అంది గురివి. ఆ తర్వాత తల రెక్కలో దూర్చుకుంది. అది చూసి చిట్టెయ్యకు జాలేసి, పోనీలే అన్నాడు.

పడక మార్చుకుందామంటే మిగతాచోట్ల మంచు రాయిలా గడ్డకట్టింది. పడిపోయిన చెట్టు పక్కనే గాలికి చేరిన మెత్తని మంచు ఉంది. పొద్దు వాలుతుండగా గురివి ఎప్పటిలాగే కొమ్మ చివర తలకిందులుగా వేలాడి, భూర్జ కాయల్ని కాళ్ళతో పట్టుకుని దులిపింది. గింజలు మంచు మీద నల్లగా రాలాయి. ఇద్దరూ దిగి, ఒకరు ఏరుతుంటే ఒకరు కాపలా కాస్తూ, గబగబా ఏరుకున్నారు.

దూరాన పొద చాటునుంచి ధవళయ్య చూస్తూనే ఉన్నాడు. వేలెడంత పిట్ట, చిటికెడంత కడుపు. ఇప్పుడు తిన్నది ఎంతసేపు ఆగుతుందిలే అనుకున్నాడు. ఏరిన గింజల్లో చాలావాటిని వాళ్ళు మింగలేదనీ, గొంతులో ఉన్న చిన్న సంచిలో దాచుకున్నారనీ ఆయనకు తెలియదు. గురివి అన్నీ చెప్పిందిగాని ఆ ఒక్కటీ చెప్పలేదు. దాచాలని కాదు, మనకు చెయ్యి ఉందని ఎవరికైనా చెబుతామా?

చీకటి పడుతుండగా ఇద్దరూ మంచులోకి దూరారు. చెట్టు మాను కిందుగా తొలుచుకుంటూ అవతలి పక్కకు పోయి, ఇద్దరికి సరిపడా గూడు చేసుకుని సర్దుకున్నారు. అంతలో బయట కన్నం దగ్గర ఊపిరి చప్పుడు వినబడింది.

ధవళయ్య తెలివి తక్కువవాడేం కాదు. తవ్వుదామంటే మాను అడ్డం. పైగా తాతలనాటి తన బొరియకు ఇటో తలుపు, అటో తలుపు ఉన్నాయి గనక, వీళ్ళకూ దొడ్డిదారి ఉంటుందని మాను చుట్టూ వాసన చూస్తూ తిరిగొచ్చాడు. ఎక్కడా చిన్న చిల్లయినా లేదు. ఇక నిశ్చింతగా కన్నం ముందు చతికిలబడి, తోక కాళ్ళ మీద కప్పుకుని, ఆకలేస్తే బయటికి రమ్మని కబురు పెట్టాడు.

లోపల చిట్టెయ్య మెల్లగా అన్నాడు. "నేను బయటికి పోతాను. వాడు నా మీద పడగానే నువ్వు ఎగిరిపో. గుంపును కలుసుకో. నా రెక్క సంగతి నీకు తెలుసుగా."

గురివి గొంతులోంచి ఒక గింజ తీసి అతని నోట్లో పెట్టింది. "తిను. తింటూ మాట్లాడకు. గుంపు కావాలనుకుంటే ఆ రోజే పోయేదాన్ని. తిని పడుకో, పొద్దున రెక్కకు బలం కావాలి. నా నోటితో తెచ్చిన తిప్పలు నా నోటితోనే తీరుస్తాను."

అలా చెప్పి తను కన్నం వైపు కాస్త దూరం జరిగి, నీరసం గొంతుతో ధవళయ్యను పలకరించింది. కళ్ళు తిరుగుతున్నాయనీ, ఇంకాసేపట్లో తనే వస్తాననీ, ఈలోపు మొగుడు కునుకు తీస్తున్నాడు, ఒంటరిగా ఉండలేను గనక కాస్త కబుర్లు చెప్పమనీ అడిగింది. వచ్చే విందును ఎవరు కాదంటారు? ధవళయ్య కబుర్లు మొదలుపెట్టాడు. ఆయన ఆగితే గురివి అందుకునేది. మేనత్త పెళ్ళి గురించీ, మరదలి టెక్కు గురించీ, నిరుడు ఏ చెట్టు ఎన్ని కాయలు కాసిందో దాని గురించీ చెప్పింది. మధ్యమధ్య అటు తిరిగి ఒక గింజ నమిలింది. ఆయన లేచి ఇంకోసారి మాను చుట్టూ చూసొద్దామనుకున్నప్పుడల్లా, ఇదిగో వచ్చేస్తున్నా మామా అనేది. పైన మంచు కురుస్తూనే ఉంది. గూట్లో చిట్టెయ్య వెచ్చగా గుర్రుపెట్టాడు.

తూర్పు తేలేవేళ గురివి మాట ఆగిపోయింది.

సొమ్మసిల్లిందన్నమాట అనుకుని ధవళయ్య మూతి కన్నంలో దూర్చాడు. చెవుల దాకా దూరింది. సరిగ్గా అప్పుడే మాను అవతల, ఏ చిల్లూ లేని చోట, మంచు పైకి లేచింది. ముందు చిట్టెయ్య వచ్చాడు. వాచిన రెక్క ఒకసారి తడబడింది. గురివి కిందనుంచి, కొట్టవయ్యా, కొట్టు అంది. రెండోసారి రెక్క గాలిని పట్టుకుంది. ఇద్దరూ చిటారుకొమ్మ మీద వాలారు. గురివి అక్కడ కూర్చుని ఏడ్చింది, సంతోషానికే.

ధవళయ్య కన్నంలోంచి మూతి లాక్కుని లేవబోతే తోక మంచుకు అతుక్కుపోయింది. పీక్కుంటే సగం బొచ్చు అక్కడే ఉండిపోయింది.

"నేను చుట్టూ చూశాను గదా. ఆ తలుపు ఎక్కడిది?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"రాత్రి లేదు మామా. మేం వచ్చిన దారిన ఎప్పుడూ పోం. ఏ పూటకా పూట కొత్తది తెరుచుకుంటాం," అన్నాడు చిట్టెయ్య.

"మరి రాత్రంతా ఏం తిన్నారు? ఎక్కడ దాచారు?"

చెప్పడానికి గురివి నోరు తెరిచింది. మొగుడి వైపు చూసింది. తెరిచిన నోట్లో ఒక భూర్జ గింజ వేసుకుని మూసేసింది. ధవళయ్య సాయంత్రం దాకా ఆ చెట్టు కిందే అడుగుతూ ఉన్నాడుగాని జవాబు రాలేదు.

తన ఇంటిని చూసుకుని ఎదుటివాళ్ళ ఇంటిని అంచనా వేసేవాడు, కడకు ఆరుబయట మిగులుతాడు.